ఆ డాక్టరు నిజంగానే ఉన్నారు, కానీ మీతో మాట్లాడుతున్నది ఆయనేనా?

ఒక జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయినిగా పనిచేస్తున్న పాఠకురాలు, పేరూ ఊరూ బయటపెట్టవద్దని కోరుతూ సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. ఆమెకు 39 ఏళ్లు. విడాకులు తీసుకుని ఆరేళ్లయింది. తండ్రి లేరు, తల్లితో కలిసి ఉంటున్నారు, అన్నయ్య కుటుంబం హైదరాబాదులో ఉంది. తల్లి పోరు పడలేక పెళ్లి సంబంధాల వెబ్‌సైట్‌లో వివరాలు పెట్టగా, నాలుగు నెలల కిందట ఒక వ్యక్తి పరిచయమయ్యాడు. తాను ఇంగ్లండ్‌లో ఎముకల డాక్టరునని, తల్లిదండ్రులది కాకినాడ అని, భార్య క్యాన్సర్‌తో పోయిందని, ఎనిమిదేళ్ల కూతురు ఉందని చెప్పుకున్నాడు. వారం తిరక్కుండానే మాటలు వాట్సాప్‌లోకి మారాయి. ఆసుపత్రి గుర్తింపు కార్డు, పాస్‌పోర్టు మొదటి పేజీ ఫొటోలు అడక్కుండానే పంపాడు. రోజూ పొద్దున్న ఆరింటికి ‘గుడ్ మార్నింగ్’, రాత్రి పదిన్నరకు ‘గుడ్ నైట్’ ఏనాడూ తప్పలేదట. వీడియో కాల్ మాత్రం రెండుసార్లే మాట్లాడాడు, రెండూ నిమిషం లోపే తెగిపోయాయి.

ఆమె పుట్టినరోజుకు బంగారు గొలుసు, ల్యాప్‌టాప్, ఇరవై వేల పౌండ్ల నగదు పెట్టి పార్సిల్ పంపానన్నాడు. నాలుగు రోజుల తరువాత ‘ఢిల్లీ విమానాశ్రయం కస్టమ్స్’ నుంచి అంటూ ఒక స్త్రీ ఫోన్ చేసింది. మొదట 48,500 రూపాయలు, తరువాత జరిమానా పేరుతో 1,20,000, మొత్తం 1,68,500 రూపాయలు ఇద్దరు ప్రైవేటు వ్యక్తుల ఖాతాలకు ఈమె పంపారు. ఇప్పుడు ‘మనీలాండరింగ్ క్లియరెన్స్ సర్టిఫికెట్’ కోసం 3,60,000 కట్టాలంటున్నారు. ఇందులో రెండు లక్షలు తన స్నేహితుడు సర్దుతాడని, అవి ఆమె ఖాతాలో పడగానే మిగతా 1,60,000 కలిపి కస్టమ్స్‌కు పంపమని అతను చెప్పాడు. రెండు లక్షలు నిజంగానే పడ్డాయి. వీసా దరఖాస్తు కోసమంటే ఆధార్, పాన్ కార్డుల ఫొటోలు ఇంతకు ముందే పంపి ఉన్నారు.

తోటి ఉపాధ్యాయిని ఒకరు ఇదంతా మోసమన్నారు. ఈమెకు నమ్మబుద్ధి కాలేదు. ఎందుకంటే ఆ ఆసుపత్రి వెబ్‌సైట్‌లో వెతికితే అదే పేరుతో, అదే విభాగంలో డాక్టరు ఉన్నారు. “మనిషి నిజంగా ఉన్నప్పుడు మోసం ఎలా అవుతుంది? మోసగాడైతే నా ఖాతాలో రెండు లక్షలు ఎందుకు వేస్తాడు? ఆ డబ్బు ఏం చేయాలి? ఫిర్యాదు చేస్తే బడిలో, ఇంట్లో నా పరువు ఏమవుతుంది? అన్నయ్యకు చెప్పాలా?” అన్నవి ఆమె ప్రశ్నలు.

సమాధానం

మీరు అడిగిన వరుసలో కాకుండా, ఆ రెండు లక్షలతో మొదలుపెడతాను. మిగతా విషయాలు రెండు రోజులు ఆలోచించుకున్నా ఫరవాలేదు, దీనికి అంత వ్యవధి లేదు. ఆ డబ్బు అతని స్నేహితుడిది కాకపోవడానికే అవకాశం ఎక్కువ. మీలాగే మరెక్కడో మోసపోయిన మనిషిది అయి ఉంటుంది. దొంగసొమ్మును నేరుగా తమ ఖాతాల్లో వేసుకుంటే పట్టుబడతారు కనుక, ఈ ముఠాలు ఏమీ తెలియని వారి ఖాతాల గుండా దాన్ని రెండు మూడు చేతులు మారుస్తాయి. అలాంటి ఖాతాలను పోలీసులు, బ్యాంకులవారు మ్యూల్ అకౌంట్లు అంటారు. డబ్బు పోగొట్టుకున్న మనిషి ఫిర్యాదు చేసిన రోజున, ఆ డబ్బు వెళ్లిన దారిలో మీ ఖాతా కనిపిస్తుంది. అప్పుడు బ్యాంకు ఆ మొత్తాన్ని, ఒక్కోసారి ఖాతా మొత్తాన్ని నిలిపివేస్తుంది. మీ జీతం పడేది కూడా అందులోనే అయితే ఇబ్బంది ఎంతో మీకు వేరే చెప్పనక్కరలేదు.

మీ ముందు మూడు దారులు ఉన్నాయి. అతను చెప్పినట్టు ఆ డబ్బు ముందుకు పంపితే, అప్పటి వరకు మోసపోయిన వ్యక్తిగా ఉన్న మీరు మోసానికి చేయి అందించిన వ్యక్తిగా కనిపిస్తారు. తెలియక చేశానని రుజువు చేసుకునే భారం మీ మీద పడుతుంది. రెండవది, వచ్చిన ఖాతాకే తిరిగి పంపేయడం. వినడానికి న్యాయంగానే ఉంటుంది గానీ, ఆ ఖాతా కూడా ముఠా చేతిలోనిదే కావచ్చు. అప్పుడు అసలు మనిషికి చేరవలసిన డబ్బు మీ చేతులమీదుగానే మళ్లీ మాయమవుతుంది. మూడవది, పైసా కదపకుండా మీ శాఖకు వెళ్లి, ఈ మొత్తం ఎవరిదో తెలియకుండా ఫలానా తేదీన నా ఖాతాలో పడిందని, దీన్ని విడిగా ఉంచి తగిన చర్య తీసుకోవాలని మేనేజరుకు కాగితం రాసిచ్చి, రెండో ప్రతి మీద బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకోవడం. దీనివల్ల కూడా కొన్నాళ్లు ఖాతా ఆగవచ్చు, ఆగదని నేను మాట ఇవ్వలేను. కానీ తరువాత ఎవరు ఏమి అడిగినా మీ చేతిలో ఆ కాగితం ఉంటుంది. మూడింటిలో నన్నడిగితే ఇదొక్కటే దారి.

అతను డబ్బు ఎందుకు వేశాడన్న ప్రశ్నకు కూడా ఇందులోనే జవాబు ఉంది. ఆ రెండు లక్షలు మీ అనుమానాన్ని చల్లార్చాయి, మీ చేత ఇంకో 1,60,000 కదిలించడానికి ఊతమయ్యాయి, పైగా మీ ఖాతాను వాడుకునే వీలు కల్పించాయి. అతను తన జేబులోంచి తీసింది ఏమీ లేదు.

ఇక మనిషి నిజంగా ఉన్నారు కదా అన్న మీ ప్రధాన సందేహం. ఉత్తరంలో మీరు దీన్ని మూడుసార్లు అడిగారు. దానికి కారణం ఉంది. నకిలీ మనిషి అంటే లేని మనిషి అని మనలో చాలామంది అనుకుంటాం. ఈ పనిలో ఆరితేరినవారు లేని మనిషిని సృష్టించరు, ఉన్న మనిషినే వాడుకుంటారు. లేని డాక్టరును కల్పిస్తే మీరు వెతికినప్పుడు దొరకడు. ఉన్న డాక్టరు పేరు పెట్టుకుంటే మీ వెతుకులాటే వారికి సాక్ష్యం చెబుతుంది. ఇంగ్లండ్‌లో వైద్యం చేసే ప్రతి డాక్టరు పేరు అక్కడి జనరల్ మెడికల్ కౌన్సిల్ రిజిస్టరులో ఉంటుంది. ఏడంకెల నంబరు, ఏ విశ్వవిద్యాలయంలో చదివారో, ఏ సంవత్సరంలో పట్టా పొందారో అందులో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. మీరూ చూడవచ్చు, మోసగాడూ చూడవచ్చు. పైగా అందులో ఫొటో ఉండదు. కనుక పేరు ఒకరిది, ఫొటోలు ఇంకొకరివి, ఫోనులో గొంతు మూడోవారిది అయినా దూరం నుంచి చూసేవారికి అతుకు కనబడదు. ఆ డాక్టరుగారికి మీ సంగతే తెలిసి ఉండదు. తన పేరుతో ఎక్కడో పెళ్లి మాటలు నడుస్తున్నాయని తెలిస్తే ఆయన కూడా మీలాగే హతాశుడవుతాడు.

కాబట్టి మీరు వేసుకోవలసిన ప్రశ్న ఆ పేరు గల డాక్టరు ఉన్నాడా లేడా అన్నది కాదు. మీ ఫోనులో ఉన్న మనిషికీ ఆ డాక్టరుకూ సంబంధం ఉందని, అతను కాకుండా వేరే ఎవరు చెప్పారు? ఉత్తరం మళ్లీ చదివి చూసుకోండి. గుర్తింపు కార్డు అతనే పంపాడు. పాస్‌పోర్టు ఫొటో అతనే పంపాడు. కూతురి ఫొటోలు, ఇంటి ముందు మంచు, ఆపరేషన్ థియేటరు బట్టల్లో సెల్ఫీ, అన్నీ అతని చేతిమీదుగా వచ్చినవే. పాస్‌పోర్టు అసలు ప్రతిని చేతిలో పట్టుకుని పరిశీలించడం వేరు, దాని ఫొటో వేరు. ఫొటోలో పేరు మార్చడానికి ఇప్పుడు పెద్ద నేర్పు కూడా అక్కరలేదు. మన పెద్దలు సంబంధం కుదుర్చుకునే ముందు అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడాలన్నారు. అందులో కులగోత్రాల పట్టింపు ఎంత ఉన్నా, ఒక పనికొచ్చే పద్ధతి కూడా ఉంది. వరుడి గురించి వరుణ్ణి అడిగేవారు కాదు. అతని వీధిలో, అతను పనిచేసే చోట, అతను ఎంచుకోని మనుషుల దగ్గర ఆరా తీసేవారు. మీ విషయంలో జరగనిది ఆ ఒక్కటే.

దాన్ని ఇప్పుడైనా చేయవచ్చు. ఆసుపత్రి వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు, అంటే అతను ఇచ్చినది కాదు, మీరు స్వయంగా వెతికి పట్టుకున్న నంబరుకు ఫోన్ చేసి, ఆ డాక్టరుగారి కార్యదర్శికి ఒక సందేశం ఇవ్వవచ్చు. “మీ పేరుతో నన్ను ఒకరు సంప్రదిస్తున్నారు, అది మీరేనా?” అన్న ఒక్క వాక్యం చాలు. జవాబు రావచ్చు, రాకపోవచ్చు. జవాబు కోసం ఆగి ఫిర్యాదు ఆలస్యం చేసుకోవద్దు. మీ మనసు తేలికపడాలంటే మాత్రం ఇంతకంటే సూటి పద్ధతి నాకు కనిపించడం లేదు.

మీరు ఇప్పటికే చూసి కూడా పక్కన పెట్టిన విషయం ఒకటి ఉత్తరంలో కనిపించింది. పొద్దున్న ఆరింటికి వచ్చే ‘గుడ్ మార్నింగ్’ను మీరు అతని క్రమశిక్షణకు గుర్తుగా రాశారు. ఇంగ్లండ్ సమయం మనకంటే వేసవిలో నాలుగున్నర గంటలు, చలికాలంలో అయిదున్నర గంటలు వెనక. మనకు ఆరయితే అక్కడ అర్ధరాత్రి పన్నెండున్నరో, ఒకటిన్నరో. మీ రాత్రి పదిన్నర అక్కడ సాయంత్రం. నైట్ డ్యూటీ అనుకుందామన్నా, నాలుగు నెలల పాటు ఒక్క రోజు కూడా తప్పకుండా అక్కడి అర్ధరాత్రి శుభోదయం చెప్పి, సాయంత్రం శుభరాత్రి చెప్పే మనిషి మీ సమయంలోనే, లేదా దానికి దగ్గరలోనే నిద్ర లేస్తూ ఉండాలి. అతని ఫోను నంబరు బ్రిటన్ కోడ్ అయిన +44తో మొదలవడం దీనికి అడ్డు కాదు. విదేశీ నంబరుతో వాట్సాప్ ఖాతా తెరవడానికి ఆ దేశంలో ఉండనక్కరలేదు. ట్రూకాలర్‌లో డాక్టరు అని కనిపించిందన్నారు. ఆ పేరు ప్రభుత్వ రికార్డుల నుంచి వచ్చేది కాదు, జనం తమ ఫోన్లలో ఏమని దాచుకుంటే అది వస్తుంది.

నిమిషం లోపే తెగిన వీడియో కాల్స్‌ను నేను సాక్ష్యంగా తీసుకోను. ముందే రికార్డు చేసిన వీడియోను కాల్‌లో చూపించడం పాత ఎత్తు. కృత్రిమ మేధతో వేరొకరి ముఖం తగిలించుకోవడం కొత్త ఎత్తు. ముఖం ముందు చేయి ఆడించమనడం, పక్కకు తిరగమనడం వంటి పరీక్షలు కొంతవరకే పనిచేస్తాయి. అందులో నెగ్గినంత మాత్రాన మనిషి అసలువాడని కాదు. గూగుల్ లెన్స్‌లో ఫొటో వేసి వెతకడం కూడా అంతే. అదే ఫొటో వేరే పేరుతో దొరికితే విషయం తేలిపోయినట్టే, దొరకకపోతే ఏమీ తేలనట్టు.

పార్సిల్ కథలో మాత్రం ఏ సందిగ్ధమూ లేదు. కస్టమ్స్ సుంకం ప్రభుత్వానికి చేరుతుంది, రసీదు ఉంటుంది. ఏ అధికారీ ఫోన్ చేసి ప్రైవేటు వ్యక్తి ఖాతాకు డబ్బు పంపమనడు. ఆ శాఖ పంపే ఉత్తరువుల మీద డాక్యుమెంట్ ఐడెంటిఫికేషన్ నంబరు ఉంటుంది. 2019 నుంచి ఈ పద్ధతి ఉంది, ఆ నంబరు అసలుదో కాదో పరోక్ష పన్నులు, కస్టమ్స్ కేంద్ర బోర్డు వెబ్‌సైట్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చు. మీకు వాట్సాప్‌లో వచ్చిన కాగితంలో మూడు సింహాల ముద్ర, ఎర్ర స్టాంపు, సంతకం అన్నీ ఉన్నాయన్నారు, ఈ నంబరు ఉందో లేదో చూడండి. వేల పౌండ్ల నోట్లు పెట్టెలో పెట్టి పంపే డాక్టరు ఉండడు, బ్యాంకు ద్వారా పంపుతాడు. డబ్బు కట్టించుకుని ఇచ్చే ‘మనీలాండరింగ్ క్లియరెన్స్ సర్టిఫికెట్’ అనేది మన దేశంలో లేదు. ఒకవేళ మీరు ఈ 3,60,000 కట్టినా దాని తరువాత ఇంకో కాగితం పుట్టుకొస్తుంది.

“మరి నాలుగు నెలలు నాతో మాట్లాడింది ఎవరు?” అని రాశారు. ఎవరో నేను చెప్పలేను. ఒక్కరే అయి ఉండకపోవచ్చు కూడా. కొన్నిసార్లు అతని మాటతీరు మారినట్టు అనిపించేదని, అలసట అనుకున్నానని మీరే అన్నారు. ఇలాంటి ముఠాల్లో ఒకే పేరు వెనుక ఇద్దరు ముగ్గురు వంతులవారీగా కూర్చుంటారు. ఈ మాట అనడానికి దూరం పోనక్కరలేదు. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కేసులో, డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి మన కుర్రాళ్లను కంబోడియాకు తీసుకెళ్లి, నిర్బంధించి, ఇలాంటి మోసాలే చేయించిన సంగతి వెల్లడైంది. తెలుగు తెలిసిన మనిషి అవతల ఉన్నంత మాత్రాన అది కాకినాడ కుటుంబం కాబోదు. మీ వైపు నుంచి నడిచిన మాటలు నిజమైనవే. భర్తను పోగొట్టుకున్న అక్కయ్య గురించి, నాన్నగారి ఆఖరి రోజుల గురించి మీరు చెప్పుకున్నవి నిజమైన మాటలు. వాటిని నమ్మకంతో చెప్పడం మీ తప్పు అని నేను అనను. వాటినే విని, మీరు ఎక్కడ మెత్తబడతారో గుర్తుపెట్టుకున్న వారిదే తప్పు. చదువుకున్న దాన్ని, పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని ఎలా పడిపోయానని మీరు కుమిలిపోతున్నారు. ఇందులో బ్యాంకు అధికారులు, డాక్టర్లు, ఇంజనీర్లు కూడా పడుతున్నారు. చదువుకూ దీనికీ పొత్తు లేదు.

ఫిర్యాదు విషయానికి వస్తాను. సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకు ఫోన్ చేసినా, సైబర్‌క్రైమ్.గవ్.ఇన్ పోర్టల్‌లో నమోదు చేసినా, ఆ సమాచారం కేంద్ర హోం శాఖ నడిపే వ్యవస్థ ద్వారా సంబంధిత బ్యాంకులకు చేరుతుంది. డబ్బు ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉంటే ఆపుతారు. మొదటి గంటల్లో చేస్తే దొరికే అవకాశం ఎక్కువ. మీరు పంపి వారాలు గడిచాయి కనుక ఆ 1,68,500లో ఎంత తిరిగి వస్తుందో ఆశ పెట్టుకోవద్దు. ఖాతాదారుకు తెలియకుండా జరిగిన లావాదేవీల్లో నష్టాన్ని బ్యాంకు భరించాలని రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన ఆదేశాలు మీకు వర్తించవు. మోసపోయి అయినా సరే, పంపింది మీరే కనుక నష్టం మీదేనని బ్యాంకు అంటుంది. మరి ఫిర్యాదు ఎందుకంటే, ఆ రెండు లక్షల విషయంలో మీకు రక్ష అదే. మీరు ముందుగా చెప్పిన రికార్డు ఉండటానికీ, పోలీసులు వచ్చి అడిగిన తరువాత చెప్పడానికీ చాలా తేడా ఉంది.

పరువు సంగతి కూడా ఉన్నదున్నట్టు చెబుతాను. 1930కి ఫోన్ చేసినంత మాత్రాన మీ బడికి ఎవరూ ఉత్తరం రాయరు. ఎఫ్ఐఆర్ దాకా వెళితే అందులో ఫిర్యాదుదారుగా మీ పేరు ఉంటుంది, వాంగ్మూలం కోసం ఒకటి రెండుసార్లు స్టేషనుకు వెళ్లవలసి రావచ్చు, చిన్న ఊళ్లో అది ఎవరి కంటా పడదని చెప్పలేను. ఇష్టం లేకపోతే ఊళ్లోని స్టేషనుకు కాక, మీ జిల్లాలో సైబర్ క్రైమ్ స్టేషను ఉంటే అక్కడికి వెళ్లవచ్చు. ఇక్కడ చట్టం మీ పక్షానే ఉంది. ఇంకొకరి గుర్తింపును దొంగిలించి వాడుకోవడం సమాచార సాంకేతిక చట్టం 66-సి కింద, కంప్యూటరు సాధనాలతో వేరొకరిలా నటించి మోసం చేయడం 66-డి కింద నేరాలు. రెండింటికీ మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. భారతీయ న్యాయ సంహితలో 319వ సెక్షను కూడా ఇదే నేరానికి సంబంధించినది. ఫిర్యాదు చేయకూడదని మీరు నిర్ణయించుకుంటే ఆ హక్కు మీది. కానీ బ్యాంకుకు ఇచ్చే కాగితం మాత్రం మానవద్దు.

ఈలోగా అతనితో ఎలా మసలుకోవాలి? కడిగేయాలని ఉందని రాశారు. ఆ కోరిక సహజమే గానీ, కడిగేస్తే కలిగే లాభం తక్కువ. అతను ఏడవవచ్చు, చస్తానని బెదిరించవచ్చు, మీ ఫొటోలు బయటపెడతానని మాట మార్చవచ్చు, లేదా ఒక్క క్షణంలో ఖాతా మూసేసి ఆధారాలన్నీ మాయం చేయవచ్చు. మరో రెండు రోజులు మామూలుగా మాట్లాడి సమాచారం లాగుదామనుకుంటే, అతను మీకంటే ఎక్కువ సాధన చేసినవాడని గుర్తుంచుకోండి. జవాబివ్వకుండా ముందు వాట్సాప్ సంభాషణ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి మీ ఈమెయిల్‌కు పంపుకోండి. అతని నంబరు, ఆ కస్టమ్స్ స్త్రీ నంబరు, పెళ్లి సంబంధాల సైట్‌లోని ప్రొఫైల్ పేజీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. డబ్బు పంపిన ప్రతి లావాదేవీకి బ్యాంకు ఇచ్చే గుర్తింపు సంఖ్య, అంటే యూటీఆర్ నంబరు, రాసుకోండి. బ్లాక్ చేయడం ఆ తరువాతే. కోపంతో చాట్ తుడిచేయవద్దు. ఆ సైట్‌కు కూడా రాతపూర్వకంగా తెలపండి. ఫిర్యాదులు వినే అధికారిని పెట్టుకోవాలని కేంద్ర ప్రభుత్వం 2016లోనే ఇలాంటి సైట్లకు సూచించింది. ప్రొఫైల్ పక్కన ‘వెరిఫైడ్’ అని ఉంది కదా అన్నారు. చాలాచోట్ల ఆ ముద్ర ఫోన్ నంబరు పనిచేస్తోందని మాత్రమే చెబుతుంది.

మీ ఆధార్, పాన్ ఫొటోల గురించి మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు, నాకది చిన్న విషయంగా తోచలేదు. ఆ డాక్టరు పేరు వాడుకున్నవారు రేపు మీ పేరూ వాడుకోగలరు. కేంద్ర టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీ పోర్టల్‌లో మీ పేరిట ఎన్ని ఫోన్ కనెక్షన్లు ఉన్నాయో చూసి, మీవి కానివాటిని అక్కడే తెలియజేయండి. ఆధార్‌లో బయోమెట్రిక్స్, అంటే వేలిముద్రలు, కనుపాపల వివరాలు, లాక్ చేసుకోండి. మీ పాన్ మీద ఎవరైనా అప్పు తీసుకున్నారేమో క్రెడిట్ రిపోర్టులో తెలుస్తుంది, ఏడాదికి ఒకసారి అది ఉచితం. మరో హెచ్చరిక: పోయిన డబ్బు ఇప్పిస్తామంటూ సైబర్ లాయరనో, ఢిల్లీ అధికారిననో ఎవరైనా ముందుగా ఫీజు అడిగితే, అది ఇదే ముఠా రెండో వేషం కావచ్చు. మోసపోయినవారి జాబితాలు కూడా చేతులు మారుతుంటాయి.

చివరగా అన్నయ్య. చెబితే ముందు కోప్పడతారని, వదిన దగ్గర చులకన అవుతానని మీ భయం. చెప్పకపోతే రేపు ఖాతా ఆగినప్పుడో, పోలీసులు ఫోన్ చేసినప్పుడో ఆయనకు ఇంకొకరి నోట తెలుస్తుంది, అప్పటి కోపం ఇంకా ఎక్కువగా ఉంటుంది. అమ్మగారికి ఇప్పుడే చెప్పనక్కరలేదని నా అభిప్రాయం. ఆమె చేయగలిగింది లేదు, సైట్‌లో పెట్టమని పోరింది నేనే కదా అని తనను తాను తిట్టుకుంటారు. బ్యాంకుకు మాత్రం ఒక్కరే వెళ్లకండి. మోసమని మొదట చెప్పిన ఆ తోటి ఉపాధ్యాయినిని వెంట తీసుకెళ్లండి, ఆమెకు ఎలాగూ సగం తెలుసు. బ్యాంకు ముద్ర వేసిన కాగితం, 1930 వారు ఇచ్చిన ఫిర్యాదు నంబరు చేతికి వచ్చిన సాయంత్రం అన్నయ్యకు ఫోన్ చేయండి. ఏం చేయమంటావని అడగడానికి కాదు, ఇదీ జరిగింది, ఇంతవరకు ఇదీ చేశాను అని చెప్పడానికి.